ఆ పాత కంప్యూటర్‌ను ముట్టుకోనివ్వండి

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంపాదక వర్గంలోని చెల్లెళ్ళు ఫోన్ చేశారు. "అక్కా, నీ విజయగాథ రాయి" అన్నారు. నాకు నవ్వొచ్చింది. నాకింకా ఉద్యోగం రాలేదు. ఎమ్మెస్సీ ఫిజిక్స్ రెండో సంవత్సరంలో ఉన్నాను. మా ఇంట్లో డిగ్రీ పూర్తిచేసిన మొదటి మనిషిని నేనేనన్న మాట నిజమే గానీ దాన్ని విజయగాథ అనడానికి నాకు నోరు రాదు. అందుకని, మన స్టోర్ రూములో బియ్యం బస్తాల పక్కన ఉన్న కంప్యూటర్ గురించి రాస్తానన్నాను. "దాని గురించి ఏముందక్కా రాయడానికి?" అన్నారు. చాలా ఉంది చెల్లీ. ఓపిగ్గా చదవండి. చదివాక నాతో ఏకీభవించకపోయినా ఫరవాలేదు, ఆదివారం వచ్చినప్పుడు నాతో పోట్లాడండి.

నేను 2014లో ఆరో తరగతిలో ఈ హాస్టల్‌కు వచ్చాను. అమ్మానాన్నలు మిరప కల్లాల్లో కూలికి పోతూ, నన్ను ఒక ట్రంకు పెట్టెతో ఇక్కడ దింపి వెళ్ళారు. ఆ ఏడాదే మన హాస్టల్‌కు కంప్యూటర్ వచ్చింది. ఏదో ఆఫీసువాళ్ళు తమ పాత కంప్యూటర్లు మార్చేసుకుంటూ, ఒకదాన్ని మనకు ఇచ్చారు. ఎందుకు మార్చేశారో అప్పుడు తెలియదు, ఇప్పుడు తెలుసు. ఆ కంప్యూటర్లన్నీ విండోస్ ఎక్స్‌పీ మీద నడిచేవి. ఎక్స్‌పీకి భద్రతా సవరణలు ఇవ్వడం 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయింది. అలా ఆఫీసులు వదిలించుకున్న వాటిలో ఒకటి మన వాటాకు వచ్చింది.

వచ్చినరోజు కొబ్బరికాయ కొట్టారు, ఫోటో తీశారు. మమ్మల్ని వరుసగా నిలబెట్టి చప్పట్లు కొట్టించారు. మర్నాడు దాని మీద తెల్లకాగితం అంటించారు. స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాల్లో రాసి ఉంది: "ముట్టుకోరాదు". నేను పదో తరగతి అయ్యి 2019లో వెళ్ళిపోయేదాకా ఆ కాగితం అలాగే ఉంది. ఆ గది ఊడ్చే వంతు నాకు వచ్చినప్పుడల్లా దాని మీద కప్పిన గుడ్డ దులిపి మళ్ళీ కప్పేదాన్ని. ఆ అయిదేళ్ళలో దాని తెర వెలగడం నేను ఒక్కసారి కూడా చూడలేదు.

దాని ఫలితం ఏమిటో 2021లో తెలిసింది. డిగ్రీ మొదటి సంవత్సరం, కంప్యూటర్ ల్యాబులో మొదటి రోజు. "సిస్టమ్ ఆన్ చేయండి" అన్నారు సార్. నేను మానిటర్‌కు ఉన్న బటన్ నొక్కి చేతులు కట్టుకుని కూర్చున్నాను. అందరి తెరలూ వెలిగాయి, నాది వెలగలేదు. పక్కనున్న అమ్మాయి కింద ఉన్న డబ్బా చూపించి "ఆన్ చేయాల్సింది ఇది" అని నవ్వింది. ఆ అమ్మాయి మంచిదే, తర్వాత నాకు స్నేహితురాలైంది. అయినా ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తే. ఫిజికల్ సైన్సులో వందకు 91 మార్కులు తెచ్చుకున్న దాన్ని, పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా కంప్యూటర్‌ను చేత్తో తాకలేదు. అంతకుముందు స్కాలర్‌షిప్ దరఖాస్తుకు నెట్ సెంటరుకు పోతే, అక్కడి కుర్రాడు నా ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు కొట్టాడు. అది సరిచేయించుకోవడానికి నాన్న మూడు రోజుల కూలి పోగొట్టుకున్నాడు. నాకే టైప్ చేయడం వచ్చి ఉంటే ఆ మూడు రోజుల కూలి మిగిలేది.

ఇక అసలు విషయానికి వస్తాను. 2025 నవంబరులో పదో తరగతి చెల్లెళ్ళకు సైన్సు చెప్పడానికి ఆదివారాలు వస్తున్నప్పుడు, కండెమ్ చేయాల్సిన సామాన్ల జాబితా రాస్తున్నారు. విరిగిన మంచాలు, సొట్టపోయిన గిన్నెలు, ఆఖరున "కంప్యూటర్ - 1". తూకానికి పోతుందన్నమాట. "మేడమ్, పోయే ముందు ఒక్కసారి విప్పి చూస్తాం" అని వార్డెన్ మేడమ్‌ను అడిగాను. "విప్పాక ఏదైనా తక్కువైతే రిజిస్టరులో నా పేరుంటుందమ్మా" అన్నారు. ఆ మాట దగ్గరకు మళ్ళీ వస్తాను. చివరికి నేను బాధ్యత తీసుకుంటున్నట్టు కాగితం మీద రాసి సంతకం పెడితే ఒప్పుకున్నారు. అందుకు వారికి ఈ సంచిక ద్వారా కృతజ్ఞతలు.

నలుగురు చెల్లెళ్ళం కూర్చుని, ప్లగ్గు తీసేసి, పక్క రేకు విప్పాం. లోపల దుమ్ము, బల్లి గుడ్ల పెంకులు. మెత్తటి బ్రష్షుతో దులిపితే బోర్డు బయటపడింది. 2008 నాటి మిషను. ఇంటెల్ జీ31 చిప్‌సెట్ బోర్డు, పెంటియమ్ డ్యూయల్ కోర్ ప్రాసెసర్. ర్యామ్ పెట్టే సందులు రెండే. రెండింటిలోనూ 512 ఎంబీ చొప్పున, మొత్తం 1 జీబీ. ఆన్ చేస్తే కంప్యూటర్ పనిచేస్తూనే ఉంది! కాకపోతే తెర మీద బొమ్మ వచ్చి, మౌసు కదిలేసరికి మేం అన్నం తిని వచ్చాం. ఎక్స్‌పీ పోయాక ఎవరో టెక్నీషియన్ దానిలో విండోస్ 7 ఎక్కించి పోయాడు. విండోస్ 7కు కనీసం కావలసిందే 1 జీబీ. పైగా ఈ బోర్డుకు విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు, తెర మీద బొమ్మకు కావలసిన మెమరీని కూడా ఆ 1 జీబీలోంచే తీసుకుంటుంది. ఇక మిగిలేదెంత? "పనిచేయదు" అని అందరూ దాన్ని వదిలేయడానికి కారణం ఇంతే. కంప్యూటర్ చెడిపోలేదు, దానికి మెమరీ చాలలేదు.

మెమరీ చాలకపోవడమంటే ఏమిటో మన భాషలోనే చెబుతాను. మనందరికీ ట్రంకు పెట్టె ఉంటుంది. పుస్తకాలన్నీ దానిలోనే. చదివేటప్పుడు మాత్రం కావలసినవి తీసి ఒళ్ళో, ముందున్న చాప మీద పెట్టుకుంటాం. పెట్టె హార్డ్ డిస్కు. చాప మీద ఉన్న చోటు ర్యామ్. చాప మీద ఒక్క పుస్తకానికే చోటుంటే, లెక్కల నోటు కావలసినప్పుడల్లా సైన్సు పుస్తకం పెట్టెలో పెట్టి, తాళం వేసి, మళ్ళీ తాళం తీసి నోటు తెచ్చుకోవాలి. రాత్రంతా లేవడం కూర్చోవడమే గానీ చదువు సాగదు. ర్యామ్ నిండిపోయినప్పుడు కంప్యూటర్ చేసేది కూడా ఇదే. కొంత సమాచారాన్ని హార్డ్ డిస్కు మీదకు నెట్టి, అవసరమైనప్పుడు మళ్ళీ తెచ్చుకుంటుంది. ర్యామ్ నుంచి తెచ్చుకోవడానికి సుమారు 100 నానోసెకన్లు పడితే, తిరిగే హార్డ్ డిస్కు నుంచి తెచ్చుకోవడానికి సుమారు 10 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే లక్ష రెట్లు. చాప మీది పుస్తకం అందుకోవడానికి ఒక సెకను పడుతుందనుకుంటే, పెట్టెలోంచి తీయడానికి ఒక పగలూ ఒక రాత్రీ దాటి ఇంకా మూడు గంటలకు పైగా పడుతుందని లెక్క. ఆ మిషను ఎందుకు మూలిగేదో అర్థమైంది కదా.

మరి మెమరీ పెంచడమంటే బజారుకు పోయి ఏదో ఒక ర్యామ్ తేవడం కాదు. ఇక్కడే మా చెల్లెళ్ళు చాలా నేర్చుకున్నారు. ర్యాముల్లో తరాలున్నాయి. డీడీఆర్‌కు 184 పిన్నులు, 2.5 వోల్టులు. డీడీఆర్2కు 240 పిన్నులు, 1.8 వోల్టులు. డీడీఆర్3కి కూడా 240 పిన్నులే గానీ 1.5 వోల్టులు. డీడీఆర్4కు 288 పిన్నులు, 1.2 వోల్టులు. పిన్నుల వరుస మధ్యలో ఒక గాడి ఉంటుంది. ఒక తరంది ఇంకో తరం సందులో దిగకుండా ఆ గాడి చోటు మార్చారు. కాబట్టి దిగకపోతే బలవంతం చేయకూడదు. మనదానికి కావలసింది డీడీఆర్2. రెండు సందులూ నిండి ఉన్నాయి కాబట్టి ఉన్నవాటికి తోడు కలపడం కుదరదు, రెండూ తీసేసి పెద్దవి పెట్టాలి. ఆ బోర్డు తీసుకునే గరిష్ఠం 4 జీబీ, అంటే 2 జీబీవి రెండు.

కొత్త కంప్యూటర్లకు వాడే ర్యాముల ధరలు 2025 చివరలో ప్రపంచమంతా ఒక్కసారిగా పెరిగాయి. కృత్రిమ మేధ కోసం కట్టే డేటా సెంటర్లు మెమరీని ఎగబడి కొనడమే దానికి ముఖ్య కారణం. డీడీఆర్2ను ఇప్పుడు కొత్త మిషన్లకు ఎవరూ వాడరు కాబట్టి వాడినవి పాత సామాన్ల దుకాణాల్లో దొరుకుతాయి. ఒక దుకాణంలో మాకు చాలా చవగ్గా ఇస్తామన్నారు. తిప్పి చూస్తే "ఏఎమ్‌డీ మదర్‌బోర్డులకు మాత్రమే" అని చిన్న చీటీ ఉంది. అలాంటివి ఇంటెల్ బోర్డుల్లో పనిచేయవు. మాతో వచ్చిన తొమ్మిదో తరగతి చెల్లి ఆ చీటీ చదివి "వద్దక్కా" అంది. చదువంటే ఇదే కదా! చివరికి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో వాడిన 2 జీబీ ర్యాములు రెండు, 700 రూపాయలకు తెచ్చాం. నేనూ, మన పూర్వ విద్యార్థినులు ఇద్దరూ వేసుకున్న డబ్బులవి.

పెట్టేరోజు గది నిండా జనం. గుమ్మంలో వార్డెన్ మేడమ్. ప్లగ్గు తీసి, పవర్ బటన్ కాసేపు నొక్కి లోపల మిగిలిన కరెంటును పోనిచ్చాం. ఒంట్లోని స్థిర విద్యుత్తు చిప్పులను పాడుచేయగలదు కాబట్టి, ముందుగా డబ్బా ఇనుప రేకును తాకమన్నాను. ఎనిమిదో తరగతి చెల్లి రెండు పక్కల క్లిప్పులు తెరిచి పాత ర్యాములు తీసి, గాడి చూసుకుని కొత్తవి నొక్కింది. ఆన్ చేశాం. తెర నల్లగా ఉంది. డబ్బాలోంచి పొడుగ్గా "బీ...ప్" మంటూ ఆగి ఆగి శబ్దం. ఆ పిల్ల ముఖం పాలిపోయింది. "నేనే చెడగొట్టానక్కా" అని ఏడుపు మొదలుపెట్టింది. గుమ్మంలో మేడమ్ ఏమీ అనలేదు గానీ నేను కూడా లోపల వణికాను, సంతకం పెట్టింది నేనే కదా.

అప్పుడు చెల్లెళ్ళకు చెప్పాను, ఆ శబ్దం ఏడుపు కాదు, మాట. "ర్యామ్ నాకు కనబడడం లేదు" అని బోర్డు చెబుతోంది. మళ్ళీ ప్లగ్గు తీసి, ర్యాములు బయటికి తీసి, బంగారు రంగు పిన్నులను పెన్సిలు రబ్బరుతో మెల్లగా తుడిచి, పొట్టు ఊదకుండా బ్రష్షుతో దులిపి, ఆ పిల్ల చేతే మళ్ళీ పెట్టించాను. ఈసారి రెండు క్లిప్పులూ "టిక్" మని వాటంతటవే మూసుకున్నాయి. మొదటిసారి ఒకవైపు పూర్తిగా దిగలేదు, అంతే. ఆన్ చేస్తే తెర వెలిగింది. వెంటనే సంబరపడకుండా, మెమ్‌టెస్ట్86+ అనే ఉచిత ప్రోగ్రాముతో రాత్రంతా ర్యామ్‌ను పరీక్షించాం. తెల్లారేసరికి తప్పులు సున్నా.

ఇంకో రెండు సంగతులు చెప్పాలి. 4 జీబీ పెడితే కంప్యూటర్ 3 జీబీ పైచిలుకే చూపించింది. దుకాణంవాడు మోసం చేశాడని పిల్లలన్నారు. మోసం కాదు. ఆ బోర్డు దగ్గర ఉన్నవే 4 జీబీకి సరిపడా చిరునామాలు. ఊళ్ళో ఇంటి నంబర్లు అన్నే ఉండి, వాటిలో కొన్ని బడికి, పంచాయతీ ఆఫీసుకు పోతే ఇళ్ళకు మిగిలేవి తక్కువే కదా. లోపలి పరికరాలకు కూడా చిరునామాలు కావాలి. రెండోది, తేదీ ఎప్పుడూ 2007 అని చూపించేది. దానివల్ల వెబ్‌సైట్లన్నీ "సురక్షితం కాదు" అంటూ తెరుచుకునేవి కావు. బోర్డు మీద ఉన్న సీఆర్2032 అనే బిళ్ళ బ్యాటరీ అయిపోయింది. అది మారిస్తే సరిపోయింది. విండోస్ 7కు 2020 జనవరి 14 తర్వాత సవరణలు ఆగిపోయాయి కనుక, ఉచితంగా దొరికే లినక్స్ మింట్ ఎక్కించాం. దానికి 2 జీబీ ఉంటే చాలు, 4 జీబీ ఉంటే హాయి.

ఇప్పుడది నిమిషంన్నరలో లేస్తోంది. ఉత్తరాలు, లెక్కల పట్టికలు, తెలుగు టైపింగు, స్క్రాచ్ ప్రోగ్రామింగు అన్నీ జరుగుతున్నాయి. అబద్ధం చెప్పను, పెద్ద సైజు వీడియోలు పెడితే తడబడుతుంది. ఇంటర్నెట్‌లో ఒకేసారి పది పేజీలు తెరిస్తే మళ్ళీ మూలుగుతుంది. ప్రాసెసర్ వయసును ర్యామ్ తగ్గించలేదు.

ఒక ఫిజిక్స్ విద్యార్థినిగా ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. ఈ రకం మెమరీలో ఒక్కొక్క అక్షరపు ముక్కనూ ఒక ట్రాన్సిస్టరు, ఒక చిన్న కెపాసిటరు కలిసి గుర్తుపెట్టుకుంటాయి. దీన్ని కనిపెట్టింది ఐబీఎమ్‌లో పనిచేసిన రాబర్ట్ డెనార్డ్. ఆయనకు 1968లో పేటెంట్ వచ్చింది. 2024లో చనిపోయారు. ఆ కెపాసిటరులోని ఛార్జి కారిపోతూ ఉంటుంది. అందుకే ప్రతి 64 మిల్లీసెకన్లకు ఒకసారి మొత్తం మెమరీని చదివి మళ్ళీ రాసుకోవాలి. ఆపితే మరిచిపోతుంది. కరెంటు పోతే మొత్తం పోతుంది. పదో తరగతి చెల్లెళ్ళూ, మీరు కెపాసిటరు పేరు విని ఉండరు, ఇంటర్‌లో వింటారు. వినేనాటికి దాన్ని చేత్తో పట్టుకున్నామని మీకు గుర్తుంటే, ఆ పాఠానికి మీరు భయపడరు. నేను భయపడ్డాను.

ఇక నా అభిప్రాయం. ఈ సంగతి ఫోన్‌లో చెబితే మన సీనియర్ అక్క ఒకామె గట్టిగా కోప్పడింది. "ఎప్పుడూ మనకేనా పాతవి? పాత బట్టలు, పాత పుస్తకాలు, ఇప్పుడు పాత కంప్యూటరా? సంతోషంగా రిపేరు చేసుకుంటే, వీళ్ళకు ఇది చాలులే అనుకుంటారు. కొత్తవి అడగండి" అంది. ఆ మాట నాకు గుచ్చుకుంది. ఎందుకంటే అందులో నిజం ఉంది. ఆఫీసులో పనికిరాదని తీసేసిన వస్తువు మన పిల్లలకు ఎలా పనికొస్తుందని ఇచ్చినవాళ్ళు ఒక్క క్షణం ఆలోచించలేదు. ఫోటో తీసుకుని వెళ్ళారు. అక్క అన్నట్టు కొత్త కంప్యూటర్లు మన హక్కు. ప్రతి హాస్టల్‌కూ పిల్లల సంఖ్యకు తగినన్ని, ఇంటర్నెట్‌తో సహా ఇవ్వమని మనం అడుగుతూనే ఉండాలి. ఈ 700 రూపాయల ర్యామ్‌ను చూపించి ఎవరైనా ఆ మాట దాటవేస్తే మొట్టమొదట ఎదురు నిలబడేది నేనే.

కానీ అక్కా, ఒక ప్రశ్న. 2014లో మనకు కొత్త కంప్యూటరే వచ్చి ఉంటే ఏమయ్యేది? దాని మీద కూడా ఆ కాగితమే అంటించేవాళ్ళు. అయిదేళ్ళకు అదీ పాతబడేది, గుడ్డ కిందే. మనకు చేటు చేసింది దాని పాతదనం కాదు, ఆ కాగితం. "ముట్టుకోరాదు" అన్న మాట మన తాతముత్తాతలకు కొత్త కాదు. నీళ్ళ దగ్గర విన్నారు, గుడి దగ్గర విన్నారు. 1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ అంబేద్కర్ వేలమందిని వెంటబెట్టుకుని చవదార్ చెరువుకు నడిచి నీళ్ళు తాగింది ఆ మాటను చెరపడానికే. ఆ కాగితం అంటించినవాళ్ళ మనసులో కులం ఉందని నేననడం లేదు. వస్తువు పాడవుతుందన్న భయమే ఉంది. అయినా, మన పిల్లలు తాకితే పాడవుతుందని అనుకోవడం మామూలైపోవడమే నాకు బాధ. మరీ బాధ ఏమిటంటే, అయిదేళ్ళూ ఆ కాగితాన్ని చదువుతూ నేనూ అదే నమ్మాను. ల్యాబులో చేతులు కట్టుకుని కూర్చున్నది అందుకే.

కొందరు "ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, ఈ డబ్బాలెందుకు?" అంటారు. 2020లో కరోనా వచ్చి ఇంటర్ క్లాసులు ఆన్‌లైన్‌లోకి పోయినప్పుడు ఎవరి చేతుల్లో ఫోన్లున్నాయో, ఎవరి చేతుల్లో లేవో నాకు తెలుసు. మా వీధిలో నలుగురు ఆడపిల్లలం ఒకే ఫోన్‌లో పాఠం విన్నాం. అది అలా ఉంచండి. ఫోన్‌లో చూడడం వస్తుంది గానీ చేయడం అంతగా రాదు. పది పేజీల ప్రాజెక్టు, లెక్కల పట్టిక, ఒక చిన్న ప్రోగ్రాము, వీటికి కీబోర్డు కావాలి. పైగా ఫోన్ మూసి అతికించిన వస్తువు. ఈ పాత డబ్బాను నాలుగు స్క్రూలు తీసి లోపల ఏముందో చూడొచ్చు. ఏది ఏమి చేస్తుందో వేలుపెట్టి చూపించొచ్చు. తప్పు చేస్తే మళ్ళీ పెట్టుకోవచ్చు. మన సైన్సు ల్యాబుల్లో అంత చవకైన పరికరం ఇంకొకటి లేదు.

ఇక వార్డెన్ మేడమ్ అన్న మాట. "రిజిస్టరులో నా పేరుంటుంది." ఇది కుంటిసాకు కాదు. స్టాకు రిజిస్టరులో ఉన్న వస్తువు తగ్గితే జవాబు చెప్పాల్సింది వార్డెనే. వాడకుండా దాచి పాడుచేస్తే మాత్రం ఎవరూ ఏమీ అడగరు. వాడి పాడుచేస్తే అడుగుతారు. ఇలా ఉంటే ఏ వార్డెన్ అయినా తాళమే వేస్తారు. అందుకని మనం తిట్టాల్సింది వార్డెన్లను కాదు, మార్చాల్సింది ఆ పద్ధతిని. పిల్లలు విప్పి నేర్చుకోవడానికి ఇచ్చిన వస్తువు అని రిజిస్టరులోనే వేరుగా రాయాలి. విరిగినా దాన్ని నష్టంగా చూడకూడదని పైఅధికారులు కాగితం మీద ఇవ్వాలి. చాక్‌పీసు అరిగిపోయిందని ఎవరైనా రికవరీ పెడతారా?

ఇదంతా ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, 2014 మళ్ళీ వచ్చింది. విండోస్ 10కు మామూలు ఉచిత సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిశాయి. విండోస్ 11కు 4 జీబీ మెమరీతో పాటు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, కొత్త రకం ప్రాసెసర్ కావాలి. అవి లేని మిషన్లను ఆఫీసులు, కాలేజీలు, బ్యాంకులు తీసేస్తాయి. వాటిలో చాలావరకు మన 2008 మిషను కంటే ఎంతో మెరుగైనవి. కొన్ని మన హాస్టళ్ళకు వస్తాయి, కొబ్బరికాయలు కొడతారు, ఫోటోలు తీస్తారు. మర్నాడు ఏమవుతుందన్నదే ప్రశ్న. మిగిలినవి తూకానికి పోతాయి. ఐక్యరాజ్యసమితి సంస్థల లెక్క ప్రకారం 2022లో ప్రపంచంలో 6 కోట్ల 20 లక్షల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగైంది. అందులో పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్కకు వచ్చింది 22.3 శాతమే. మిగతాదాంట్లో ఎంతో భాగాన్ని ఒట్టి చేతులతో పగలగొట్టి, తీగలు కాల్చి రాగి తీసేది ఎవరు? మన వాడల్లాంటి వాడల్లోని మనుషులే. ఆ పొగ పీల్చేది వాళ్ళ పిల్లలే. కాబట్టి ఒక కంప్యూటర్ ఇంకో అయిదేళ్ళు పనిచేస్తే మిగిలేది 700 రూపాయల లెక్క ఒక్కటే కాదు.

అందుకని నా సూచనలు ఇవి. ఒకటి, మన హాస్టల్‌లో ఆ కాగితం పీకేయాలి. దాని బదులు వాడే వేళలు, వంతులు రాసి అంటించాలి. రెండు, ఏ కంప్యూటర్‌నూ కండెమ్ జాబితాలో రాసే ముందు ఒకసారి విప్పి, ర్యామ్, బ్యాటరీ, హార్డ్ డిస్కు చూడాలి. మూడు, ఏటా ఎనిమిది, తొమ్మిది తరగతుల నుంచి అయిదుగురికి విప్పడం, బిగించడం నేర్పాలి. వాళ్ళు తర్వాతి అయిదుగురికి నేర్పాలి. కెపాసిటరు లాగానే, మళ్ళీ మళ్ళీ రాసుకోకపోతే ఈ విద్య కూడా కారిపోతుంది. నాలుగు, ఉద్యోగాల్లో ఉన్న పూర్వ విద్యార్థినులకు ఒక విన్నపం. మీ ఇంట్లో పాడైన సామాను వదిలించుకోవడానికి పంపకండి. పనిచేసే డీడీఆర్2, డీడీఆర్3 ర్యాములు, కీబోర్డులు ఉంటే మీ సమాచారం ఏదీ వాటి వెంట రాకుండా చూసుకుని పంపండి. వాటితో పాటు ఒక ఆదివారం పూట మీరూ రండి. ర్యామ్ లేకపోయినా ఫరవాలేదు, మీరు రండి. అయిదు, కొత్త కంప్యూటర్ల కోసం మన పూర్వ విద్యార్థుల సంఘం తరఫున వినతిపత్రం ఇవ్వాలి. దాన్ని ఆ పాత కంప్యూటర్‌లోనే, మన చెల్లెళ్ళే టైప్ చేయాలి.

ఇంతా రాశాక అమ్మ మాట ఒకటి చెప్పి ముగిస్తాను. ఆ ఆదివారం ఇంటికి వెళ్ళి జరిగిందంతా చెబితే, అమ్మకు ర్యామ్ అంటే ఏమిటో అర్థం కాలేదు గానీ "ఆ చిన్నపిల్ల ఏడ్చింది కదా, మళ్ళా దాని చేతనే పెట్టించినవా?" అని అడిగింది. "ఆ, దాని చేతనే" అన్నాను. "మంచి పని జేసినవ్ బిడ్డా" అంది.

నేను చేతితో రాసి పంపిన ఈ వ్యాసాన్ని ఆ కంప్యూటర్ మీదే తెలుగులో టైప్ చేసింది ఆ ఎనిమిదో తరగతి చెల్లే. అచ్చుతప్పులు ఏవైనా ఉంటే క్షమించండి. వచ్చే ఏడాది సంచికకు ఇంకా తక్కువ ఉంటాయి.

జై భీమ్.

- పూర్వ విద్యార్థిని (2014-19), ఎమ్మెస్సీ ఫిజిక్స్, ద్వితీయ సంవత్సరం